సముద్రపు నీళ్లలో కందిపప్పు

పప్పు లేకపోతే నాకు ముద్ద దిగదు. ఆ ఒక్క బలహీనత వల్లే మాచర్లలో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు సముద్రంతో సంబంధం కలిసింది. అప్పటికి నేను సముద్రం చూడలేదు. మా స్కూలు మొత్తంలో చూసినవారు హెడ్మాస్టరు గారొక్కరే. అదీ పెళ్లయిన కొత్తలో, బాపట్ల వైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడు, కాళ్లు తడుపుకోకుండా దూరం నుంచి.

అరవైల మొదట్లో సంగతి. సాగర్ డ్యాం పని జోరుగా జరుగుతోంది. రోడ్డు మీద ఎటు చూసినా లారీలు, దుమ్ము. నేను నరసరావుపేట నుంచి సైన్సు టీచరుగా వచ్చి, బస్టాండు వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. వంట చేసుకునే ఓపిక లేక, పక్కనే పూటకూళ్లు పెట్టే ముసలావిడ దగ్గర భోజనానికి కుదిరాను. ఆమెను అందరూ అవ్వ అనేవారు, నేనూ అవ్వా అనే పిలిచేదాన్ని. లారీ డ్రైవర్లు, డ్యాం మేస్త్రీలు, నాలాంటి ఒంటరి ఉద్యోగులు ఆమె అరుగు మీద వరసగా కూర్చుని తినేవారు. కొడుకూ కోడలూ డ్యాం దగ్గర పనికి పోయి అక్కడే పాక వేసుకుని ఉండేవారు. వాళ్ల కూతురు అవ్వ దగ్గరే ఉండి చదువుకునేది. ఆ పిల్ల నా క్లాసే, ఎనిమిదో తరగతి.

ఇక్కడ మా నీళ్ల గురించి చెప్పాలి. మాచర్ల చుట్టుపక్కల నేలంతా నాపరాయి. బావి తవ్వితే రాయి, రాయి కింద నీళ్లు, ఆ నీళ్ల నిండా సున్నం. తాగడానికి బాగానే ఉంటాయి. కానీ వాటిలో పప్పు ఉడకదు. పొద్దున పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మధ్యాహ్నానికి కూడా పంటి కింద పలుకులా తగులుతుంది. కందులేమో మా పల్నాడు పంట. పండేది మా నేలలోనే, ఉడికేది మాత్రం మా నీళ్లలో కాదు. అందుకని ప్రతి ఇంట్లో వాడుక బిందె వేరు, పప్పు బిందె వేరు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు కూడా పిల్లాణ్ణి చూడకముందే, మీ బావి నీళ్లలో పప్పు ఉడుకుద్దా అని అడిగేవారు.

పప్పు ఉడికే నీళ్లు వాగు అవతల, ఎర్రనేలలో ఒక మోతుబరి గారి బావిలో ఉండేవి. ఆయన మంచివాడే, ఎవరినీ కాదనేవాడు కాదు. అయితే పొద్దున ఎద్దులతో మోట తోలడం పూర్తయి, ఆయన మిరప తోట తడిసిన తర్వాతే మిగతావాళ్లు చేద వెయ్యాలి. ఆ పని అయ్యేసరికి ఎండెక్కేది. సాయంత్రం పూట ఆ చేలల్లోకి ఆడపిల్లను ఎవరూ పంపరు. అవ్వ మోకాళ్లు పట్టేసి అప్పటికి చాలా కాలమైంది కాబట్టి, పప్పు బిందె మనవరాలి నెత్తికెక్కింది. ఆ పిల్ల నీళ్లు తెచ్చి, ఇంట్లో దించి, బడికి పరిగెత్తుకొచ్చేసరికి ప్రార్థన అయిపోయేది, హాజరు పిలవడమూ అయిపోయేది. మా బడిలో హాజరు పొద్దున ఒక్కసారే. గంట కొట్టాక వచ్చినవాళ్లు క్లాసులో కూర్చోవచ్చు, పాఠం వినవచ్చు, కానీ పుస్తకంలో మాత్రం గైర్హాజరు.

ఆ ఏడాది దీపావళి అయ్యాక హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించారు. ఆయన చెడ్డమనిషి కాదు. నియమం అంటే నియమం అనే మనిషి, అంతే.

"ఆ పూటకూళ్లావిడ మనవరాలికి హాజరు చాలదమ్మా. ఇట్లాగే ఉంటే పరీక్షకి కూర్చోనిచ్చేదానికి లేదు. ఫిబ్రవరి మొదలు నుంచైనా ఒక్క పూట తప్పకుండా వేళకొస్తే, పాత లోటు నేను మాఫీ చెయ్యగలను. ఆపైన నా చేతుల్లో లేదు."

ఈ మాట అవ్వకు చెబితే, ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ తల కూడా తిప్పలేదు.

"పరీక్ష పోతే బడి మానిపిచ్చేదే టీచరమ్మా. నేనేం చేసేది? ఉడకని పప్పు పెడితే రేపు నా అరుగు మీద ఎవురు కూర్చుంటారు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంలో, ఇక నాకు పప్పు వడ్డించొద్దు అన్నాను. ఆ పిల్లకు పడుతున్న గైర్హాజరులో నా కంచంలో పప్పుకూ వాటా ఉందని అప్పుడే తోచింది. అవ్వ నా వైపు జాలిగా చూసి, "నువ్వు మానేస్తే మిగతావోళ్లు మానేస్తారా అమ్మా" అంది. నాలుగు పూటలు పచ్చడి మెతుకులు తిని, నీరసం వచ్చి, మళ్లీ పప్పు వడ్డించుకున్నాను. ఆ తర్వాత మరో వీరావేశంలో, రేపు బిందె నేను తెస్తాను, నువ్వు బడికి పో అన్నాను ఆ పిల్లతో. మర్నాడు చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని వెళ్లాను. మోట అయ్యేదాకా గట్టు మీద కూర్చున్నాను. తిరుగుదారిలో వాగులో రాయి మీద కాలు జారి బిందెలో నీళ్లన్నీ వాగు పాలు చేశాను. ఆ పిల్ల నా మీద నమ్మకం లేక వెనకాలే వచ్చింది. మళ్లీ ఇద్దరం బావి దగ్గరికి పోయి నీళ్లు తెచ్చాం. ఆ పూట గేటు దగ్గర హెడ్మాస్టరు గారు తడిసిన నా చీర కుచ్చెళ్లు చూసి, గడియారం చూసుకుని, ఏమీ అనకుండా లోపలికి పోయారు. ఏదైనా అని ఉంటే బాగుండేది.

ఇదంతా ఇలా ఉండగా మా అన్నయ్య దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మా పెదనాన్న కొడుకు. వెల్దుర్తి మెట్ట చేలల్లో పుట్టి పెరిగిన ఆయన, ఎట్లా తిరిగి ఎట్లా వెళ్లాడో గానీ, విశాఖపట్నంలో సముద్రం గురించి చదివి, పరిశోధన ఓడ మీద ఉద్యోగంలో చేరాడు. సముద్రపు నీళ్లలో ఏ లోతున ఎంత ఉప్పుందో కొలవడం ఆయన పని. మా పెదనాన్నకు అది ఒక ఉద్యోగమని చివరిదాకా నమ్మకం కుదరలేదు. ఓడ క్రిస్మస్ ముందు బయల్దేరుతుందనీ, మీ పిల్లలు ఏవైనా ప్రశ్నలు పంపితే ఓడలోని శాస్త్రజ్ఞులందరి చేతా సముద్రం మీదే జవాబులు రాయించి, తర్వాతి రేవులో పోస్టు చేస్తాననీ రాశాడు.

క్లాసులో చెప్పాను. సముద్రం ఎరగని పిల్లల ప్రశ్నలు ఎలా ఉంటాయో ఆ రోజు చూడాలి. ఓడలో మంచినీళ్ల బావి ఎక్కడుంటుంది? పొద్దుగూకితే ఓడ ఎక్కడ ఆపి పడుకుంటారు? మైలురాళ్లు లేకుండా దారెట్లా తెలుస్తుంది? సముద్రం అడుగు తగలాలంటే ఎన్ని బారల తాడు కావాలి? చేపలకు దాహం వేస్తుందా? నేను రాసుకుంటూ ఉండగా, మామూలుగానే ఆలస్యంగా, తడిజుట్టుతో ఆ పిల్ల గుమ్మంలోకి వచ్చింది.

"నువ్వు కూడా ఒకటి అడగవే" అన్నాను.

ఆయాసం తీరకుండానే అడిగింది. "సముద్రం నీళ్లల్లో పప్పు ఉడుకుద్దా టీచర్?"

క్లాసు గొల్లున నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు, నేనూ నవ్వలేదు. లోకంలో ఏ నీళ్ల గురించైనా ఆ పిల్లకు ముందు తెలియాల్సింది అదే కదా.

ప్రశ్నలన్నీ హెడ్మాస్టరు గారి బల్ల మీదికి వెళ్లాయి. సముద్రం నీలంగా ఎందుకుంటుంది అనే ప్రశ్న తనే స్వయంగా మొదట చేర్చారు. చివరి దాని దగ్గర కలం ఆగింది.

"ఇదేందమ్మా, వంటింటి ప్రశ్న. వాళ్లు శాస్త్రజ్ఞులు. మన బడి గురించి ఏమనుకుంటారు?"

"శాస్త్రజ్ఞులు తినకుండా కొలుస్తారా సార్ సముద్రాన్ని?"

ఆయన మీసం కదిలింది. నవ్వు ఆపుకున్నప్పుడు అలా కదిలేది. కొట్టెయ్యకుండా కలం పక్కన పెట్టారు.

నేను అన్నయ్యకు రాసే ఉత్తరంలో ఈ ప్రశ్న ఎవరిదో, ఎందుకు అడిగిందో, ఫిబ్రవరి గడువేమిటో అంతా రాశాను. పెద్ద ఆశ పెట్టుకుని కాదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఉండలేక రాశాను.

క్రిస్మస్ వెళ్లింది, కొత్త సంవత్సరం వచ్చింది. పిల్లలు పోస్టుమ్యాన్ సైకిల్ కనబడితే చాలు, సముద్రం వచ్చిందా అని అడిగేవారు. ఆయన మొదట్లో విసుక్కునేవాడు. తర్వాత తర్వాత గేటు దగ్గరికి రాగానే తనే "ఇయ్యాల కూడా సముద్రం రాలా" అని కేకేసి పోయేవాడు. ఆ పిల్ల మాత్రం ఎప్పుడూ అడగలేదు. రోజూ ఆలస్యంగా వచ్చి, రెండో బెంచీలో కూర్చుని, ఎవరైనా పప్పు ప్రశ్న ఎత్తి వెక్కిరిస్తే ఎదురు వెక్కిరిస్తూ చదువుకునేది. లెక్కల్లో మొదటి మార్కు దానిదే. అంత చురుకైన పిల్లను బిందె కోసం బడి మానిపిస్తారంటే నాకు ఒళ్లు మండిపోయేది.

జనవరి చివర్లో సముద్రం వచ్చింది. లావుపాటి కవరు, మీద మరో దేశపు స్టాంపులు. హెడ్మాస్టరు గారు స్కూలు మొత్తాన్ని వరండాలో కూర్చోబెట్టి నన్ను చదవమన్నారు. ఒక్కో జవాబు ఒక్కో శాస్త్రజ్ఞుడు చెబితే అన్నయ్య తెలుగులో రాశాడు. ఓడ ఊగుతుంటే రాసినందువల్ల వరసలు గట్టెక్కుతున్నట్టు పైకి పోయి, ఉన్నట్టుండి కిందికి దిగుతున్నాయి.

ఓడలో బావి లేదు, రేవులో నింపుకున్న తొట్లున్నాయి, స్నానానికి చెంబు లెక్క. సముద్రంలో సత్రాలు లేవు కనుక రాత్రిళ్లూ ఓడ పోతూనే ఉంటుంది, సగం మంది నిద్రపోతే సగం మంది పనిచేస్తారు. దారి చెప్పడానికి మైలురాళ్ల బదులు నక్షత్రాలున్నాయి. సముద్రంలో చేపలు నీళ్లు తాగుతాయి, ఉప్పును మొప్పల్లోంచి బయటికి నెట్టేస్తాయి. లోతు సంగతి చెప్పాలంటే, మాచర్లలో బావులన్నీ ఒకదాని కింద ఒకటి పెట్టినా ఓడ కిందున్న అడుగు తగలదు. అంత లోతు నీళ్లు పైకి తేవడానికి ఇనపతీగకు సీసా కట్టి దించుతారు. తర్వాత ఆ తీగ వెంట ఒక ఇత్తడి ముక్క వదిలితే, అది జారుకుంటూ పోయి సీసాను తన్నుతుంది, దాంతో సీసా మూత పడుతుంది. అడుగు నుంచి వచ్చిన బురద ఎంత చల్లగా ఉంటుందంటే, అందులో తాగేనీళ్ల సీసా గుచ్చి చల్లార్చుకుంటారట. ఈ మాటకు పిల్లలందరూ ఆశగా నిట్టూర్చారు. నీలం రంగు గురించి ఒక పేజీ ఉంది. హెడ్మాస్టరు గారు దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకున్నారు.

ఆఖరి జవాబు అన్నిటికంటే పొడుగైనది.

"పప్పు ప్రశ్న చదివి మొదట అందరం నవ్వాం" అని రాశాడు అన్నయ్య. "తర్వాత ఎవరికీ జవాబు తెలియదని తేలింది. ఒకాయన ఉడుకుతుందన్నాడు, ఇంకొకాయన ఉడకదన్నాడు, మా పెద్దాయన వాదించడం దేనికి, వండి చూడండి అన్నాడు. ఓడ వంటాయన్ని బతిమాలి మూడు గిన్నెలు పెట్టించాం. ఒకదాంట్లో తొట్టి నీళ్లు, రెండోదాంట్లో తొట్టి నీళ్లలో వంటుప్పు, మూడోదాంట్లో అచ్చంగా సముద్రం. మొదటిది మెత్తగా ఉడికింది. రెండోది కాస్త ఆలస్యంగా ఉడికింది. సముద్రంలో వేసింది గులకరాళ్లలాగే ఉండిపోయింది. కాబట్టి పప్పును చెడగొట్టేది ఒక్క ఉప్పు కాదు, నీళ్లలో కరిగి ఉన్న సున్నంలాంటివి. ఈ ప్రశ్న అడిగిన అమ్మాయి వల్ల మా ఓడలో తొలిసారి అందరూ ఒకే పని చేశారు. వంటాయన మాత్రం మాతో మాట్లాడడం మానేశాడు."

పిల్లలు ఆ పిల్ల వైపు తిరిగారు. ఆ పిల్ల మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని వింటోంది.

"ఇక మాచర్ల నీళ్ల సంగతి. సముద్రాన్ని నేను మార్చలేను. మన నీళ్లను మార్చవచ్చు. సున్నపు రాయి నీళ్లకు మందు సున్నమే. తాజా సున్నం నీళ్లలో కలిపి, తేరిన తర్వాత పైతేట బిందెలో కొద్దిగా పోసి కలపండి. రాత్రంతా కదపకుండా ఉంచితే, వేసిన సున్నంతో పాటు నీళ్లలో ఉన్న సున్నం కూడా తెల్లగా అడుక్కి దిగుతుంది. పైనీళ్లు వంచుకుని పప్పు వండండి. ఎంత పోయాలో పసుపు చెబుతుంది. ఒక చుక్క పసుపు మీద వేస్తే ఎర్రబడకూడదు. చెల్లాయ్, ఇది మీ ఎనిమిదో తరగతి పుస్తకంలోనే ఉంటుంది, చూసుకో."

ఉంది. కఠిన జలం, మృదు జలం అనే పాఠం. ఆ ఏడాదే చెప్పాను, బోర్డు మీద సమీకరణం కూడా రాశాను. ఆ పాఠంలో సబ్బు నురగ గురించి ఉంది గానీ పప్పు మాట లేదు. అందుకే పప్పు బిందె మోసే పిల్లకు గానీ, పప్పు తినే నాకు గానీ ఆ పాఠం మా ఇంటి సంగతేనని తట్టలేదు. అన్నయ్య ఎదురుగా ఉంటే వీపు మీద ఒక్కటి వేసేదాన్ని.

అవ్వ ఒప్పుకోవడం ఓడను ఒప్పించడం కంటే కష్టమైంది.

"సున్నం వల్లే ఉడకదంటివి. మళ్లీ సున్నం పోయమంటన్నావు. ఇదేం చదువు టీచరమ్మా? తిన్నోళ్లకి నోరు పొక్కితే?"

"ముందు నేను తింటా. పొక్కితే నా నోరే పొక్కుద్ది."

"నీ నోటికి ఏం గాదులే" అంది అవ్వ, చిన్న కడవ ఒకటి నా ముందు పెడుతూ.

పిడుగురాళ్ల బట్టీ సున్నం తెచ్చాం. మా వైపు వాళ్లకు సున్నం అంటే లెక్కలేదు. ఇంటికి వేసినా, ఆకుకు రాసినా ధారాళంగానే ఉంటుంది. ఆ అలవాటు కొద్దీ అవ్వ, నేను చూడకుండా, తేటతో పాటు ఇంకో గరిటెడు సున్నం వేసింది. పొద్దున పప్పు అయితే ఉడికింది గానీ, అందులో పసుపు వెయ్యగానే కుంకుమ కలిపినట్టు ఎర్రగా మారింది. లారీ డ్రైవర్లు కంచాల ముందు నుంచి లేచి నిలబడ్డారు. అవ్వ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. జనవరి ఆఖరి రోజులు. మనవరాలు పప్పు బిందె తీసుకుని వాగు దారి పట్టింది. ఆ పూట నాకు నిజంగా ఏడుపు వచ్చింది.

సాయంత్రం ఆ పిల్లే మా గదికి వచ్చింది. చేతిలో పసుపు రాసి ఆరబెట్టిన కాగితం ముక్కలు.

"ఈసారి నేను కలుపుతా టీచర్. నాయనమ్మని పొయ్యి కాడే కూర్చోబెట్టు, లేవనీకు."

నేను అవ్వను మాటల్లో పెట్టి, కూర్చోబెట్టాను. ఆ పిల్ల పెద్ద బిందెలో తేట కొద్దికొద్దిగా పోస్తూ, కలుపుతూ, ఒక్కో చుక్క కాగితం మీద వేసి చూసుకుంది. ఎర్రదనం రాబోతుందనగా ఆపింది. బిందె మీద మూత పెట్టి, నాయనమ్మ చేయి పడకుండా దాని పక్కనే చాప వేసుకుంది.

పొద్దున అడుగున తెల్లటి మడ్డి పేరుకుని ఉంది. పైనీళ్లు వంచి పప్పు పెట్టాం. అవ్వ కాసేపటికి మూత తీసి, పప్పుగుత్తి పెట్టి ఒక తిప్పు తిప్పింది. పప్పు మెదిగిపోయింది. పసుపు వేసింది. పసుపుగానే ఉంది. రెండు వేళ్లతో తీసి నలిపింది, నాలుక మీద వేసుకుంది. ఇంకొంచెం తీసి మళ్లీ నలిపింది. తర్వాత గుత్తి పక్కన పెట్టి, రెండు మోకాళ్ల మీదా చేతులు వేసుకుని కూర్చుంది.

"నేను కాపరానికొచ్చినకాడి నుంచి పోయిన బావి అది" అంది. "కడుపుతో ఉండి కూడా పోయినా. ఈ కాళ్లు ఆ దారిలోనే పోయినయ్యి టీచరమ్మా. ఆకుకు రాసుకునే సున్నం డబ్బా చూస్తే ఇదుగో, నా బొడ్లోనే ఉంది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కాసేపటికి అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, మనవరాలి వైపు తిరిగి కసిరింది.

"ఇంకా ఏందే చూస్తా కూర్చున్నావు? గంట కొడతారు, పో."

ఆ రోజు ఫిబ్రవరి మొదటి తేదీ. నేను గేటు దగ్గరికి చేరేసరికి ఆ పిల్ల అప్పటికే ప్రార్థన వరసలో ఉంది. జుట్టు పొడిగా ఉంది, రెండు జడలు బిగించి వేసుకుంది. హెడ్మాస్టరు గారు చూశారు. ఆయన మీసం కదిలింది.

క్లాసులోకి వెళ్లి హాజరు పుస్తకం తెరిచాను. వరసగా పిలుస్తూ ఆ పిల్ల పేరు పిలిచాను. జవాబు లేదు. తల ఎత్తి చూస్తే రెండో బెంచీలో కుదురుగా కూర్చునే ఉంది. అప్పుడు అర్థమైంది. ఆ ఏడాది మొత్తంలో తన పేరు పిలిచే వేళకు ఆ పిల్ల క్లాసులో ఉండటం అదే మొదటిసారి. పిలిస్తే పలకాలని దానికి తోచలేదు. పక్కనున్న పిల్ల మోచేత్తో పొడిచింది.

పుస్తకంలో ఆ పేరు మీద వేలు పెట్టుకుని, మళ్లీ పిలిచాను.

"ఉన్నాను టీచర్" అంది, లేచి నిలబడి.